హాజరు పట్టీలో మూడు వరుసలు

నేనేం ఉద్యోగం చేస్తున్నానో మా అమ్మ ఎవరికీ ఒక్క మాటలో చెప్పలేకపోయేది. మొదట్లో "పేపర్లో రాస్తుందండీ" అనేది. తర్వాత కొన్నేళ్లు "కాలేజీలో పాత కాగితాలు చూసుకుంటుంది" అంది. నాకు చరిత్రలో డాక్టరేటు వచ్చాక, "డాక్టరే గానీ మందులిచ్చే డాక్టరు కాదు" అని ముందే చెప్పేసేది. ఆవిడ చెప్పినవి మూడూ నిజమే. విలేకరిగా మొదలై, పాత రికార్డులు భద్రపరిచే పనిలోకి వచ్చి, వాటితో కూర్చుని కూర్చుని చరిత్ర రాయడం నేర్చుకున్నాను.

మాది గుడివాడ. నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు. డిగ్రీ కాగానే బందరులో ఒక చిన్న దినపత్రికలో చేరి, చిలకలపూడిలో గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడ పొద్దుటి నుంచి వెలుతురు పోయేదాకా పూత నగలకు రాళ్లు అతికిస్తూ ఉండేది. "ఊళ్లో వాళ్ల గొడవలన్నీ రాస్తావు, మన వీధి కుళాయి సంగతి రాయవేంటమ్మా?" అని ఒకరోజు నిలదీసింది. రాశాను. నాలుగో రోజున నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత నేను రాసిన ఏ వార్తకూ అంత గర్వపడలేదు.

ఆ పత్రిక పదేళ్లు నడిచి మూతపడింది. అప్పటికి ముప్ఫై ఏళ్ల కిందటే మొదలైన మరో వారపత్రిక సంచికలు కూడా మా ఆఫీసులోనే బైండు చేసి ఉండేవి. యజమాని అన్నిటినీ కలిపి తూకానికి వేసేద్దామన్నారు. రెండు రోజులు ఆగమని బతిమాలి, ఒక కాలేజీ ప్రిన్సిపాలుగారిని ఒప్పించి, లైబ్రరీ వెనక చెమ్మ లేని గది ఒకటి సంపాదించాను. పుస్తకాలన్నీ ట్రాలీ ఆటోలో తీసుకెళ్లి అక్కడ దించాను. వాటిని చూసుకోవడానికి మనిషి కావాలి కదా అని ప్రిన్సిపాలుగారు నన్నే ఉంచేశారు. అలా నాకు రెండో ఉద్యోగం దొరికింది.

ఆ గదిలోనే నాకు ఉప్పెన వార్తలు కనబడ్డాయి. సముద్రం దివిసీమ మీద పడ్డనాటికి నాకు నాలుగేళ్లు. మా నాన్న చెల్లెలు, అంటే మా మేనత్త, ఆ ఉప్పెనలోనే పోయింది. అప్పటికి ఆవిడకు ఇరవై రెండేళ్లు. పాలకాయతిప్ప వైపు వెళ్లే దారిలో ఒక పల్లె బడిలో టీచరుగా చేసేది. శవం దొరకలేదు. మా దగ్గర ఫోటో కూడా లేదు. అమ్మానాన్నల పెళ్లి ఫోటోలో ఒక చివర నిలబడి ఉంటుంది గానీ, ఫోటో తీసే క్షణంలో తల తిప్పిందట. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మసక మాత్రం ఉంటుంది. చిన్నప్పుడు ఆ మసకను భూతద్దం పెట్టి చూసేదాన్ని. మా నాయనమ్మ, "నీ పోలికేనే దానిది" అంటుండేది. అద్దం ముందు నిలబడి, నాలో ఆవిడ ఎక్కడుందా అని వెతుక్కున్న రోజులు చాలా ఉన్నాయి.

పాత సంచికల్లో మృతుల జాబితాలు చూస్తుంటే ఒక విషయం తెలిసింది. చాలాచోట్ల పేర్లు లేవు. "ఒక స్త్రీ", "ఇద్దరు పిల్లలు", "ఫలానావారి కోడలు" అని ఉంది. పల్లెలు తిరిగి ఆ పేర్లు అడిగి రాసుకుందామని అనుకున్నాను. పరిశోధన అని అందరికీ చెప్పాను. అసలు కారణం మా అత్తయ్యను ఎరిగినవాళ్లు ఒక్కరైనా దొరుకుతారేమోనన్న ఆశ. ఉద్యోగం, చదువు, ఇంటి పనులు అన్నీ చూసుకుంటూ, ఆదివారం ఆరాధన కాగానే అవనిగడ్డ బస్సెక్కేదాన్ని. అలా ఏళ్లు గడిచాయి. ఆవిడ పని చేసిన పల్లె అప్పుడే తుడిచిపెట్టుకుపోయింది. మిగిలినవాళ్లు తలోచోటికీ వెళ్లిపోయారు.

ఇప్పటికి ఎనిమిదేళ్లు దాటి ఉంటుంది, కోడూరులో ఒక పెద్దాయన, "అవనిగడ్డలో ఒక రిటైరైన మాస్టారున్నారమ్మా. ఆ బడి అటెండెన్సు రిజిస్టరు ఇంకా ఆయన దగ్గరే ఉందంటారు" అని చెప్పాడు. ఆ రోజే వెళ్లాను.

పెంకుటింటి వరండాలో ఒక్కరే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. సన్నటి మనిషి. జంధ్యం, పైన తువ్వాలు. పెళ్లి చేసుకోలేదని, తమ్ముడి కుటుంబం పక్క వాటాలో ఉంటుందని తర్వాత తెలిసింది. నేను రికార్డు గది సంగతి, పేర్ల సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"రిజిస్టరు ఒకసారి చూడొచ్చాండీ?"

"ఎందుకమ్మా? అది గవర్నమెంటుది కాదు. గవర్నమెంటుకి అప్పుడే కొత్తది రాసిచ్చేశాను. ఇది నాది."

"తీసుకెళ్లనండి. ఇక్కడే చూసి ఇచ్చేస్తాను."

ఆయన కాస్త మెత్తబడ్డట్టే అనిపించింది. నా ఇంటిపేరు అడిగారు. చెప్పాను. చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టారు.

"మీ నాన్నగారు గుడివాడలో టీచరా?"

"అవునండి. మీకు తెలుసా?"

ఆయన లేచి లోపలికి వెళ్లారు. కాసేపటికి తమ్ముడి భార్య వచ్చి, "బావగారికి నలతగా ఉందట, ఇంకోరోజు రమ్మంటున్నారండీ" అంది. అంత మర్యాదగా నన్ను ఎవరూ బయటికి పంపలేదు.

మూడు వారాలు ఆగి మళ్లీ వెళ్లాను. ఈసారి నేను అడగకముందే ఆయన బల్ల మీద ఒక గుడ్డమూట పెట్టి విప్పారు.

ఉప్పునీట నానిన కాగితం ఆరితే అప్పడంలా పెళుసుగా అవుతుంది. నా ఉద్యోగంలో అలాంటివి చాలా చూశాను. అయినా ఆ పట్టీ తెరవడానికి ముందు రెండుసార్లు చేతులు తుడుచుకున్నాను. ఎడమవైపు పిల్లల పేర్లు ఉండాల్సిన చోట నీలం మరకలు ఉన్నాయి, ఆ మరకల మీద పెన్సిల్‌తో రాసిన పేర్లు. కుడివైపు గళ్లలో మాత్రం గీతలు చెక్కుచెదరలేదు. వచ్చినవాళ్లకు ఏటవాలు గీత, రానివాళ్లకు సున్నా.

"పేర్లు నేను రాసేవాణ్ణి, ఇంకు పెన్నుతో" అన్నారు మాస్టారు. "హాజరు మీ అత్తయ్య వేసేది, బాల్‌పెన్నుతో. రిజిస్టరులో బాల్‌పెన్ను వాడకూడదని రోజూ చెప్పేవాణ్ణి. ఇనస్పెక్టరు వస్తే మాట పడాలి కదా. వినేది కాదు. నీళ్లకి నా రాతంతా పోయింది. ఆవిడ గీతలు పోలేదు."

"ఈ పెన్సిల్ రాత?"

"నేనేనమ్మా. నాలుగో రోజున నడిచి వెళ్తే బడి గోడ కింద ట్రంకుపెట్టె కనబడింది. అందులో ఇది. ఆరబెట్టి, గుర్తున్నకొద్దీ ఒక్కొక్క పేరూ రాసుకుంటూ వచ్చాను. ముప్ఫై ఎనిమిది వరుసలు. మూడు మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు."

ఆయన వేలు పెట్టి చూపించిన చోట పెన్సిల్ రాత లేదు. మరక ఉంది, పక్కన గీతలున్నాయి. ఆ ముగ్గురు పిల్లలూ నెలంతా బడికి వచ్చారు. వాళ్లెవరో చెప్పే మనిషి లేడు.

చివరి పేజీల్లో టీచర్ల హాజరు ఉంది. ఇద్దరు టీచర్ల బడి కాబట్టి రెండే వరుసలు. ఉప్పెనకు ముందురోజు గడిలో మా అత్తయ్య సంతకం ఉంది. పైన మాస్టారి గడిలో అదే బాల్‌పెన్నుతో, అదే చేతిరాతతో, గుండ్రంగా "సెలవు" అని ఉంది.

మా అత్తయ్య రాత చూడటం నాకు అదే మొదటిసారి. చాలాసేపు ఆ మాట మీదే చూపు ఆగిపోయింది. అప్పుడు నాలోని విలేకరి ఊరుకోలేక అడిగింది.

"ఆ రోజు మీరు సెలవు పెట్టి ఎక్కడికెళ్లారండీ?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"గుడివాడ వెళ్లానమ్మా. మీ ఇంటికి."

మా అత్తయ్యను పెళ్లి చేసుకుంటానని అడగడానికి వెళ్లారు. ఇద్దరూ ముందే అనుకున్నారట. ఆయన హిందువు, మేం క్రైస్తవులం. రెండు ఇళ్లల్లోనూ ఒప్పుకోరని తెలుసు. మీ ఇంట్లో ఎలాగో తర్వాత చూసుకుందాం, ముందు మా అన్నయ్యను అడగండి అని ఆవిడే పంపింది. నాన్న కూర్చోబెట్టి విన్నారు. "ఆదివారం దాకా ఉండండి, మా అమ్మ ఊరి నుంచి రాగానే మాట్లాడి చెప్తాను" అన్నారు. ఆదివారం రాకముందే సముద్రం వచ్చింది.

"మీరు మా ఇంట్లో ఉన్నారా అప్పుడు?" అని అడిగాను.

"రెండు రోజులున్నాను. నువ్వు నా కళ్లజోడు లాక్కుని పెట్టుకునేదానివి." అప్పటిదాకా మీరు అంటున్న మనిషి నువ్వు అన్నారు.

నాకు ఏమీ గుర్తులేదు. తిరుగు బస్సులో ఆ రెండు రోజుల్ని గుర్తు తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించాను. కృష్ణ వంతెన, చేలు, పులిగడ్డ దగ్గర ఎక్కిన జనం, ఏదీ కంటికి ఆనలేదు. మా ఇంట్లో జరిగిన కథ నా ఒక్కదానికే తెలియకుండా ఎక్కడో దాగి ఉందని కోపం వచ్చింది. బందరులో దిగకుండా అదే పట్టున గుడివాడ వెళ్లాను.

నాన్నకు అప్పటికి డెబ్బై దాటాయి. అమ్మ పోయి ఏడాది. నేను చెప్పింది విని, కళ్లజోడు తీసి, బైబిల్ మీద పెట్టారు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"ఎవరికి చెప్పనమ్మా? మీ నాయనమ్మకా? కూతురు పోయిన మనిషికి, ఫలానావాడు దాన్ని చేసుకుంటానని వచ్చాడని చెప్పనా? నేను చెప్పకముందే ఆవిడ పోయింది. స్కూలు పనిమీద వచ్చిన టీచరనే మీ అమ్మ కూడా అనుకుంది, ఆ తర్వాత తనకి చెబుదామనుకున్నాను. అప్పటికి చెప్పడం అలవాటు తప్పిపోయింది."

లేచి బీరువాలోంచి ఒక ఇన్‌లాండ్ కవరు తీసి ఇచ్చారు. మడతల దగ్గర చిరిగి ఉంది. మాస్టారు రావడానికి ముందురోజు అత్తయ్య రాసిన ఉత్తరం పోస్టులో వచ్చిందట. బాల్‌పెన్నుతో రాసింది. అదే గుండ్రటి రాత. "అన్నయ్యా, ఆయన నీ దగ్గరకు వస్తున్నారు. ముందు కాఫీ ఇవ్వు, ప్రశ్నలు తర్వాత అడుగు. నువ్వు కాదంటే నేను ఏడుస్తాను గానీ మానను. ఆ సంగతి నీకు తెలుసు."

అంతకు ముందు నాకు మా అత్తయ్య అంటే జాలి. ఆ నాలుగు వాక్యాలు చదివాక ఆవిడ మీద ఇష్టం పుట్టింది. ఇష్టం పుట్టాక లేని మనిషి ఎంత దూరమో తెలిసొచ్చింది.

"నన్ను తీసుకెళ్తావా ఆయన దగ్గరికి?" అన్నారు నాన్న.

మరుసటి శనివారం కారు మాట్లాడుకుని వెళ్లాం. అవనిగడ్డలో ఇల్లు దగ్గరపడుతుంటే నాన్న, "చొక్కా బాగానే ఉందా?" అని అడిగారు.

మాస్టారు గుమ్మం దాకా ఎదురొచ్చారు. ఇద్దరూ నమస్కారాలు పెట్టుకున్నారు. ఆరోగ్యం గురించి, పెన్షన్ల ఆలస్యం గురించి మాట్లాడుకున్నారు. ఇద్దరూ టీచర్లే కదా. చివరికి నాన్నే మొదలుపెట్టారు.

"మాస్టారూ, ఆ రోజే సరేనని ఉంటే..."

"సరేనని ఉంటే అదే సాయంత్రం బస్సెక్కి వెనక్కొచ్చేసేవాణ్ణండీ, ఆవిడకు చెప్పాలని. నేనూ పోయేవాణ్ణి." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఆగమన్నారు కాబట్టి మిగిలాను. దానికి మీకు దణ్ణం పెట్టాలో, మిమ్మల్ని తిట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలీదండీ. చాలా ఏళ్లు తిట్టుకున్నాను."

"తిట్టుకోవాల్సిందే. నేను సరేనని చెప్పేవాణ్ణే, మాస్టారూ. మా అమ్మకి ఒక మాట చెప్పి చెబుదామనుకున్నాను. అంతే."

"చెప్పేవారా?"

"మిమ్మల్ని చూడగానే అనుకున్నాను."

నాన్న జేబులోంచి ఉత్తరం తీసి ఆయన చేతికిచ్చారు. ఆయన చదివి, మళ్లీ చదివి, ఉన్నట్టుండి నవ్వారు. నవ్వుతుంటేనే కళ్లలోంచి నీళ్లు కారాయి.

"కాఫీ ఇచ్చారండీ మీరు. ముందు కాఫీయే ఇచ్చారు."

ఆ ఉత్తరం నాన్న ఆయన దగ్గరే వదిలేశారు. అలాంటి కాగితం బయటికి పోతుంటే నా ఉద్యోగ ధర్మం ప్రకారం ఒక ఫోటో అయినా తీసుకోవాలి. ఆ రోజు ఫోను బయటికి తీయడానికి నాకు మనసు రాలేదు. ఇప్పుడు ఆ నాలుగు వాక్యాలూ నా జ్ఞాపకంలోనే ఉన్నాయి. ఏదైనా ఒక మాట తప్పు చెబుతున్నానేమో కూడా తెలియదు.

ఆ తర్వాత మూడు ఖాళీ వరుసల పని మొదలైంది. మాస్టారు, నేను కలిసి తిరిగాం. ఆయనకు మనుషులు తెలుసు, నాకు వెతకడం తెలుసు. నాగాయలంకలో ఒక ముసలాయన తన అన్న కొడుకు పేరు చెప్పాడు. రెండో పేరు చర్చి బాప్తిస్మాల పుస్తకంలో దొరికింది. దొరికిన ప్రతిసారీ మాస్టారు పెన్సిల్ చెక్కుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పేరు రాసేవారు. ఒకరోజు నేను బ్యాగులోంచి బాల్‌పెన్ను తీసి ఇస్తే, "నాకు చేతకాదమ్మా అది" అని వెనక్కిచ్చేశారు. ఆ ఏళ్లలో ఆయన మా అత్తయ్య గురించి ఎక్కువ చెప్పలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగితే, "మంచి మనిషమ్మా" అని ఊరుకునేవారు. ఆయన దగ్గర ఉన్నదంతా ఆయన తనకే దాచుకున్నారు. నేను అర్థం చేసుకున్నాను. కానీ నాకు ఆకలి తీరలేదు.

ముందు నాన్న పోయారు. పద్నాలుగు నెలలకు మాస్టారు. పోయేముందు తమ్ముడి చేత పట్టీ నాకు పంపించారు. లోపల ఒక చీటీ: "మూడోది నువ్వు చూడు." ఉత్తరం మాత్రం అందులో లేదు. అది చితిలో ఆయనతోనే పెట్టామని తమ్ముడు చెప్పాడు.

మూడో వరుస కోసం నాకు తెలిసిన చివరి దారి పట్టాను. ఇప్పుడు నడుస్తున్న ఒక పత్రికకు చిన్న వ్యాసం రాసిచ్చాను. బడి గురించి, పట్టీ గురించి, పేరు దొరకని ఒక బిడ్డ గురించి రాశాను. పెళ్లి మాట రాయలేదు. కింద కాలేజీ ఫోను నంబరు వేశారు. చాలామంది ఫోను చేశారు గానీ, వాళ్లు చెప్పినవేవీ మా బడికి కుదరలేదు. నెల దాటాక, కృత్తివెన్ను నుంచి ఒకావిడ ఫోను చేసింది. రొయ్యల చెరువుల మీద పని చేస్తుందట. ఆ వ్యాసం తను చదవలేదు, ఎవరో చదివి వినిపించారు.

"ఆ పిల్ల మా చెల్లెలేమోనండీ" అంది.

మరుసటి గురువారం బస్సులో బందరు వచ్చింది. అరవై దాటిన మనిషి. కాలి వేళ్ల సందుల్లో చెరువు బురద మరకలు. చెల్లెలి పేరు, తండ్రి పేరు, ఇల్లు ఎటువైపు ఉండేదో అన్నీ చెప్పింది. మాస్టారు రాసిన వరుసల్లో ఇరుగుపొరుగు పిల్లల పేర్లన్నీ సరిపోయాయి. సందేహం లేదు. పట్టీ తెరిచి ఆ వరుస చూపించాను.

"చివరిరోజు ఏదండీ?"

చూపించాను.

"వెళ్లిందా బడికి?"

"వెళ్లిందండి. ఇదిగో గీత."

ఆవిడ ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. ఉప్పెనకు నాలుగు రోజుల ముందు తను కృత్తివెన్ను అమ్మమ్మ దగ్గరకు వచ్చేస్తుంటే, చెల్లెలు కూడా వస్తానని ఏడ్చిందట. బడి మానకూడదని వాళ్లమ్మ పంపలేదట. "నామీద అలిగి బడికి కూడా వెళ్లకుండా కూర్చుందేమోనని, ఇన్నేళ్లూ అదే బెంగండీ" అంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఈ గీతలు చిన్న టీచరమ్మగారు పెట్టినవే కదండీ?" అని అడిగింది.

"మీకు ఆవిడ తెలుసా?"

"తెలియకపోవడమేంటండీ! రోజూ మా చెల్లిని దింపేది నేనేగా."

"ఆవిడ మా మేనత్త."

ఆవిడ నా మొహంలోకి నిదానంగా చూసింది. నేను చిన్నపిల్లలా కదలకుండా కూర్చున్నాను.

"మీకు ఆ పోలికలేం లేవండీ" అంది. "ఆవిడ పొడుగు. చామనచాయ. మాట గట్టిగా ఉండేది, కాలవ అవతలికి వినపడేది. పిల్లల గోళ్లు పెరిగితే బడి గుమ్మంలోనే కూర్చోబెట్టి తీసేవారు. నవ్వొస్తే ఆపుకోలేకపోయేవారు. ఒకసారి మా మేక బడిలోకి దూరింది..."

ముప్ఫై ఏళ్లుగా మనుషుల్ని ప్రశ్నలడగడమే నా పని. ఆ మధ్యాహ్నం నాకు ఒక్క ప్రశ్న కూడా సరిగ్గా రాలేదు. ఆవిడ మేక కథ పూర్తిచేసి, బస్సు వేళవుతోందని చెప్పులు వెతుక్కుంటోంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"తర్వాతి బస్సుకి వెళ్దురుగాని. కూర్చోండి" అన్నాను. "ఇంకా చెప్పండి."